టెర్మినల్‌లో ఫోటోలు చూడటం: బొమ్మ వస్తోంది కానీ చారలు పోవట్లేదు

#1 గళ్ళనోటు

అందరికీ నమస్కారం. నా దగ్గర స్క్రీన్ లేని చిన్న మెషీన్ ఒకటి ఉంది. దానికి తగిలించిన కెమెరా పది నిమిషాలకో ఫోటో తీసి ఫోల్డర్‌లో పడేస్తుంది. రోజుకి 144. వాటిలో ఏవి నల్లగా వచ్చాయో, ఏవి మసకగా వచ్చాయో చూడటానికి అన్నీ ఇక్కడికి కాపీ చేసుకోవడం విసుగొచ్చేసింది. ఎస్‌ఎస్‌హెచ్‌లో ఉండగానే, అంటే దూరం నుంచి ఆ మెషీన్లోకి వెళ్ళి ఆదేశాలు టైప్ చేస్తూ ఉండగానే, టెర్మినల్ అనే ఆ నల్ల కిటికీలోనే ఓ చూపు చూడగలిగితే చాలు.

పైథాన్‌లో పిల్లో అనే బొమ్మల లైబ్రరీతో ఇరవై లైన్లు రాశాను. ఫోటోని 80 పిక్సెళ్ళ వెడల్పుకి కుదించి, పిక్సెల్‌కో ఖాళీ అక్షరం, దాని వెనక ఆ పిక్సెల్ రంగు. బొమ్మయితే వచ్చింది గానీ మనుషులంతా వెదురుబొంగుల్లా సాగిపోయారు. పిక్సెల్‌కి రెండేసి ఖాళీలు పెడితే ఆకారం కుదిరింది, కానీ 80 కాలమ్స్‌లో 40 పిక్సెళ్ళే మిగిలాయి. 40 బై 24లో పిల్లిని చూసి సూట్‌కేస్ అనుకున్నాను. ఇంతకన్నా దారి లేదా?

#2 పాతకన్సోలు

మీ లెక్క సరిగ్గానే ఉంది, ఎంచుకున్న అక్షరంలోనే ఉంది చిక్కు. టెర్మినల్‌లో గడి ఎత్తు దాని వెడల్పుకి దాదాపు రెట్టింపు. అందుకే మీ జనం సాగారు. ఖాళీ అక్షరంతో గడికి ఒక్క రంగే పడుతుంది. కానీ ప్రతి గడికీ రెండు రంగులిచ్చారు కదా, వెనక రంగొకటి, అక్షరం రంగొకటి. ఆ రెండోదాన్ని మీరు పస్తు పెడుతున్నారు.

ఈ అక్షరం చూడండి: ▀

యూనికోడ్‌లో 2580 (హెక్స్ అంకె). గడిలో పై సగం నిండుగా, కింది సగం ఖాళీగా ఉంటుంది. పై పిక్సెల్ రంగుని అక్షరానికి, కింది పిక్సెల్ రంగుని వెనక్కి ఇస్తే ఒక్క గడిలో రెండు పిక్సెళ్ళు, అవీ ఇంచుమించు చదరంగా. పైన ఆకాశం 120;170;220, కింద గోడ 150;80;60 అనుకోండి (వరసగా ఎరుపు, ఆకుపచ్చ, నీలం). రాయాల్సింది ఇంతే:

ఎస్కేప్ [38;2;120;170;220 ఎమ్
ఎస్కేప్ [48;2;150;80;60 ఎమ్
▀

ఎస్కేప్ అంటే 27వ నంబరు బైటు. ఎమ్ చిన్నబడిలోది. 38 అక్షరానికి, 48 వెనక్కి. కళ్ళకి ఆనాలని విడివిడిగా రాశాను, ప్రోగ్రాంలో అన్నీ అతుక్కునే ఉండాలి. చిత్రాన్ని రెండేసి వరుసలుగా చదువుకుంటూ పోండి. అదే 80 బై 24 కిటికీలో ఇప్పుడు మీకు 80 బై 48. నిన్న 960 పిక్సెళ్ళు, ఈరోజు 3,840.

ఇదేం కొత్త తెలివి కాదు. ఐబీఎం పీసీల అక్షరాల పట్టిక కోడ్ పేజీ 437లో ఇదే అక్షరం 223వ నంబరు. కింది సగం ▄ అయితే 220. మోడెమ్‌తో బులెటిన్ బోర్డులకి డయల్ చేసే రోజుల్లో 16 రంగుల బొమ్మలు గీసినవాళ్ళంతా వీటిమీదే బతికారు. ఆ పీసీల తొలి రంగుల కార్డు సీజీఏ మీద ఇంకా గమ్మత్తు చేసేవాళ్ళు. టెక్స్ట్ మోడ్‌లోనే ఒక్కో అక్షరం ఎత్తుని రెండు స్కాన్‌లైన్లకి కత్తిరించి, నిలువుగా సగం నిండిన అక్షరంతో 160 బై 100 బొమ్మలు 16 రంగుల్లో వేసేవాళ్ళు. అదే కార్డు గ్రాఫిక్స్ మోడ్‌లో 320 బై 200 ఇచ్చేది గానీ రంగులు నాలుగే.

#3 రాత్రిబండి

బ్రో, టెర్మినల్లో బొమ్మలు చూపించే చాఫా ఇన్‌స్టాల్ చేసుకో, అయిపోతుంది. వియు, టిమ్‌జి, క్యాట్‌ఇమ్‌జి కూడా ఉన్నాయి. సిద్ధంగా ఉన్నవి వదిలేసి ఎందుకీ తిప్పలు?

#4 గళ్ళనోటు

రాత్రిబండి గారూ, ఆ మెషీన్ నాది కాదు, ఏదీ ఇన్‌స్టాల్ చేసే హక్కు లేదు. పైథాన్, పిల్లో ఉన్నాయి, అంతే. నిజం చెప్పాలంటే ఇప్పుడు సరదా కూడా పట్టుకుంది.

పాతకన్సోలు మాష్టారూ, మీ ▀ పెట్టాక నోరు తెరుచుకుని ఉండిపోయాను. పిల్లి మీసాలు కూడా కనిపిస్తున్నాయంటే నమ్మండి. (సరే, మీసాలు లేవు. చెవులు మాత్రం ఉన్నాయి.)

కానీ మూడు గోలలు. ఒకటి, వరుసకీ వరుసకీ మధ్య వెంట్రుకంత నల్లగీత. రెండు, కిటికీ అడుగుకి చేరి స్క్రోల్ అవ్వడం మొదలయ్యాక బొమ్మ కుడిపక్క ఖాళీలోకి చివరి పిక్సెల్ రంగు కారిపోతోంది. మూడు, ఇదే స్క్రిప్ట్‌ని నా ఎడిటర్ లోపలుండే టెర్మినల్‌లో నడిపితే రాత్రి ఫోటోలు బూడిద పూసినట్టు వస్తున్నాయి. మామూలు టెర్మినల్‌లో బాగానే ఉన్నాయి.

#5 ఎర్రచుక్క

రెండోదానికి మందు చెప్తా. వరుస చివర రంగుని ఆపకుండానే కొత్త వరుసకి వెళ్తున్నారు. కిటికీ అడుగున కొత్త వరుస పుట్టినప్పుడు చాలా టెర్మినళ్ళు దాన్ని అప్పటి వెనక రంగుతోనే నింపుతాయి. వాటి దృష్టిలో అది తప్పు కాదు, మీరు అడిగిందే. ప్రతి వరుసకీ చివర, కొత్త వరుస గుర్తుకి ముందు ఎస్కేప్ [0 ఎమ్ పెట్టండి. ముందే పెట్టాలి. తర్వాత పెడితే కారిపోయాక గుడ్డతో తుడిచినట్టు ఉంటుంది.

మధ్యలో కంట్రోల్ సీ కొట్టినా రంగు అలాగే అంటుకుని ఉండిపోతుంది కాబట్టి ఏం జరిగినా చివర నడిచే ఫైనల్లీ బ్లాక్‌లో కూడా ఒకటి.

ఇంకోటి. ఒక్కో గడికి ఎన్ని బైట్లు పంపుతున్నారో చూశారా? మూడంకెల రంగులైతే అక్షరం రంగుకి 19, వెనక రంగుకి 19, యూటీఎఫ్-8లో ▀ కి 3. మొత్తం 41. 80 బై 24కి 78,720 బైట్లు. ఇక్కడ కూర్చుంటే తెలియదు, నెమ్మది లైన్ మీద తెలుస్తుంది. పక్క గడి రంగు కిందటి గడిదే అయితే మళ్ళీ పంపకండి.

#6 పాతకన్సోలు

వెంట్రుక గీత మీ స్క్రిప్ట్ పాపం కాదు. ▀ కూడా ఫాంట్‌లో ఒక అక్షరమే. టెర్మినల్ సెట్టింగుల్లో వరుసల ఎడం 1.1, 1.2 అని పెట్టుంటే గడి సాగుతుంది, అక్షరం సాగదు. ఆ మిగిలిన సందే మీ గీత. ఎడాన్ని 1.0 చేయండి. అయినా పోకపోతే ఫాంట్ సైజు ఒక పాయింటు అటూ ఇటూ మార్చండి. కిట్టీ, అలాక్రిటీ, ఫుట్, వెజ్‌టెర్మ్ లాంటివి ఈ దిమ్మ అక్షరాల్ని ఫాంట్‌ని అడగకుండా సొంతంగా గడి అంచుల దాకా గీస్తాయి. వాటిలో గీత రాదు.

మూడోది మాత్రం నాకు అర్థం కాలేదు. రంగులు 256కే దించేస్తోందేమో?

#7 చుక్కలరాణి

ఇంకా సన్నగా కావాలంటే బ్రెయిలీ చుక్కలు వాడొచ్చు కదండీ! యూనికోడ్ 2800 నుంచి వరసగా 256 అక్షరాలు. గడిలో అడ్డంగా రెండు, నిలువుగా నాలుగు చుక్కలు, అంటే 80 బై 24లో 160 బై 96. ఒక్కో చుక్కకి ఒక్కో బిట్టు కూడితే అక్షరం వచ్చేస్తుంది.

బిట్ల వరస దగ్గర నేను ఒక ఆదివారమంతా పోగొట్టుకున్నాను. పై నుంచి కిందికి 1, 2, 4, 8 అనుకున్నా. కాదు. ఎడమ నిలువులో పై మూడూ 1, 2, 4. కుడి నిలువులో పై మూడూ 8, 16, 32. అడుగున ఎడమది 64, కుడిది 128. బ్రెయిలీ మొదట ఆరు చుక్కలదే కాబట్టి ఏడూ ఎనిమిదీ తర్వాత కింద తగిలించారు. నంబర్లు కూడా అదే వరసలో పడ్డాయి.

#8 ఎర్రచుక్క

గీతల బొమ్మలకి, గ్రాఫులకి బ్రెయిలీ బ్రహ్మాండం. ఫోటోలకి వద్దు. గడిలో ఎనిమిది చుక్కలున్నా వాటన్నిటికీ రంగు ఒక్కటే. పైగా చుక్కల మధ్య సందులుంటాయి, ఫోటో జల్లెడలోంచి చూసినట్టు ఉంటుంది. రంగు కావాలా ఆకారం కావాలా తేల్చుకోవాలి. ఇక్కడ ఆయనకి కావాల్సింది రంగు.

#9 చేతివేళ్ళు

బ్రెయిలీ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. నేను స్క్రీన్ రీడర్ వాడతాను, నా ముందు బ్రెయిలీ డిస్‌ప్లే కూడా ఉంటుంది. మీరు చుక్కలతో గీసిన పిల్లి నా వేళ్ళకింద అర్థంలేని అక్షరాల వరదలా పారుతుంది. రీడర్ వాటిని పైకి చదవడం మొదలుపెడితే ఇక ఆపడం కష్టం. ▀ అయితే కనీసం చాలా రీడర్లలో మౌనంగా దాటించేసుకోవచ్చు.

గీయొద్దని కాదు నేను అనేది. బొమ్మకి ముందు ఒక్క లైను మామూలు మాటల్లో పెట్టండి. మీకు కావాల్సింది ఏ ఫోటో నల్లగా ఉందనే కదా? అది అంకెలో చెప్పొచ్చు.

#10 రాత్రిబండి

మూడో సమస్య 256 రంగులదే అయ్యుంటుంది. ఎస్‌ఎస్‌హెచ్ మామూలుగా టెర్మ్ అనే వేరియబుల్‌ని అవతలికి పంపుతుంది గానీ కలర్‌టెర్మ్‌ని పంపదు. పూర్తి రంగులు వచ్చని చెప్పేది ఆ రెండోదే. అవతలి ప్రోగ్రాం అది కనపడక 256కి దిగిపోతుంది. నాకు ఇలా చాలాసార్లు అయింది.

#11 గళ్ళనోటు

నా స్క్రిప్ట్ కలర్‌టెర్మ్‌ని చూడదండీ. నేరుగా 38;2 పంపేస్తుంది.

మొదటి రెండు సమస్యలూ పోయాయి. ఎడం 1.0, వరుస చివర 0 ఎమ్. ధన్యవాదాలు.

#12 సున్నాఒకటి

256 ప్రసక్తి వచ్చింది కాబట్టి అందులో ఒక గొయ్యి ఉంది, అందరూ పడతారు. 16 నుంచి 231 దాకా 6×6×6 రంగుల గళ్ళపెట్టె. నంబరు = 16 + 36×ఎరుపు + 6×ఆకుపచ్చ + నీలం, ఒక్కోటీ 0 నుంచి 5. ఇంతవరకు అందరికీ తెలుసు. కానీ ఆ ఆరు మెట్లూ సమానం కావు. 0, 95, 135, 175, 215, 255. మొదటి మెట్టు ఒక్కటే ఇంతెత్తు. చాలామంది 255ని 5తో భాగించి 51 చొప్పున లెక్కేస్తారు. అప్పుడు 40 విలువ ఉన్న చీకటి పిక్సెల్ ఒకటో మెట్టుకి పోతుంది, అంటే తెరమీద 95. నిజానికి దగ్గరున్నది 0. ఇంకా బాగా కావాలంటే 232 నుంచి 255 దాకా ఉన్న 24 బూడిద మెట్లు చూడాలి. అవి 8తో మొదలై పదేసి పెరుగుతాయి. 235వ నంబరు 38. నలభైకి అంతకన్నా ఏం కావాలి?

రాత్రి ఫోటోలు తెల్లబోవడానికి ఇది మంచి అనుమానితుడే. అయితే ఆయన 38;2 పంపుతున్నానంటున్నారు కాబట్టి దీన్ని వదిలేద్దాం. గళ్ళనోటు గారూ, ఒక పని చేయండి. ఫోటో పక్కన పెట్టి ఒక్క గడి ప్రింట్ చేయండి. అక్షరం రంగు 30;30;30, వెనక రంగు 20;20;20, అక్షరం ▀. దాని కిందే వెనక రంగు 30;30;30తో ఒక ఖాళీ అక్షరం. ఎడిటర్ టెర్మినల్‌లో చూసి రెండూ ఎలా ఉన్నాయో చెప్పండి. ఒక పగటి ఫోటో కూడా పెట్టి చూడండి.

#13 గళ్ళనోటు

చూశాను. చిత్రంగా ఉంది.

ఖాళీ అక్షరం నల్లగా, ఉండాల్సినట్టే ఉంది. ▀ మాత్రం పై సగం లేత బూడిద! 30 ఎక్కడ, అది ఎక్కడ. స్క్రీన్‌షాట్ తీసి రంగు కొలిస్తే 120 దరిదాపుల్లో ఉంది. కింది సగం మాత్రం 20, సరిగ్గానే ఉంది.

పగటి ఫోటోలో తిరకాసు తిరగబడింది. తెల్లటి ఆకాశంలో వరుస విడిచి వరుస నల్లచారలు. దగ్గరికెళ్ళి చూస్తే రాత్రి ఫోటోలో కూడా అవి చారలే. చిన్న ఫాంట్‌లో దూరం నుంచి చూస్తూ బూడిద తెర అనుకున్నాను. ఇంకో సంగతి, నా మొదటి స్క్రిప్ట్, ఆ రెండు ఖాళీలది, ఇదే ఎడిటర్‌లో బాగానే కనిపిస్తోంది.

#14 సున్నాఒకటి

దొరికింది. మీ ఎడిటర్ టెర్మినల్‌లో కనీస కాంట్రాస్ట్ అనే సెట్టింగు ఉండి తీరాలి, వెతకండి. అక్షరం రంగూ వెనక రంగూ దగ్గర దగ్గరగా ఉంటే "ఇది మనిషికి చదవడానికి కష్టం" అని టెర్మినల్ తనంతట తను అక్షరం రంగు మార్చేస్తుంది. నల్లటి వెనక మీద తెల్లబరుస్తుంది, తెల్లటి వెనక మీద నల్లబరుస్తుంది. చదివే అక్షరాలకి అది ఉపకారమే. మీ ▀ కూడా దాని లెక్కలో చదవాల్సిన అక్షరమే. ఫోటోలో పక్కపక్క పిక్సెళ్ళు దాదాపు ఒకే రంగులో ఉంటాయి కాబట్టి ప్రతి గడికీ ఉపకారం చేసేసింది. ఖాళీ అక్షరంలో గీయడానికి అక్షరమే లేదు, అందుకే పాత స్క్రిప్ట్ తప్పించుకుంది.

ఇలాంటి సెట్టింగులు ఒకటి నుంచి లెక్కిస్తాయి. 4.5 అని ఉంటే అది వెబ్ పేజీల అక్షరాలకి సిఫార్సు చేసే నిష్పత్తి. 1 చేస్తే ఏమీ మార్చదు. కొన్ని టెర్మినళ్ళు దిమ్మ అక్షరాల్ని ఈ సవరణ నుంచి మినహాయిస్తాయి, మీది పాత వెర్షన్ అయ్యుండొచ్చు.

సెట్టింగు మార్చలేని చోట: పైదీ కిందిదీ ఒకే రంగైతే ▀ బదులు ఖాళీ అక్షరం పంపండి. తేడా చాలా తక్కువైనా అంతే. బైట్లూ కలిసొస్తాయి.

#15 గళ్ళనోటు

4.5 అనే ఉంది. 1 చేశాను. చారలు మాయం!

సిగ్గు విడిచి ఒకటి చెప్పాలి. మొన్న ఈ రాత్రి ఫోటోలు చూసి కెమెరా అద్దానికి మంచు పట్టిందనుకున్నా. నిచ్చెన వేసుకుని ఎక్కి, మెత్తటి గుడ్డతో తుడిచి దిగాను. మళ్ళీ చూస్తే మంచు అలాగే ఉంది. మర్నాడు ఇంకోసారి ఎక్కాను. రోగం ఒకచోట, మందు ఒకచోట.

#16 పాతకన్సోలు

అద్దమైతే శుభ్రమైంది కదా. 🙂

#17 దీపస్తంభం

రాత్రి ఫోటోలంటున్నారు కాబట్టి కుదించే పద్ధతి మీద ఒక మాట. దూరంగా వీధిదీపాలుంటే అవి మీ బొమ్మలో మాయమవుతున్నాయా? ఫైల్లో ఉండే 0 నుంచి 255 అంకెలు వెలుగు కొలతలు కావు, కంటికి తగ్గట్టు వంచి రాసినవి. పిల్లో కుదించేటప్పుడు ఆ వంపుతోనే సగటు తీస్తుంది.

నమ్మకం కుదరకపోతే చదరంగం బల్లలా ఒక నలుపు, ఒక తెలుపు పిక్సెళ్ళతో ఒక చిత్రం చేసి కుదించండి. వచ్చేది 128. కానీ అసలు బల్లని దూరం నుంచి చూస్తే కంటికి చేరేది సగం వెలుగు, దాన్ని ఎస్‌ఆర్‌జీబీ (అంటే ఆ వంచి రాసే పద్ధతి) అంకెలో రాస్తే 188. రెండింటినీ పక్కపక్కన పెట్టి అవతల గోడ దగ్గర నిలబడి చూడండి, బల్లతో కలిసిపోయేది 188. వందల పిక్సెళ్ళ నలుపులో ఒక్క దీపం ఉంటే ఈ తేడా ఇంకా దారుణం. అందుకని ముందు వంపు తీసేసి, సగటు చేసి, మళ్ళీ వంచాలి.

పగటి ఫోటోలకి ఇదంతా అనవసరం. తేడా పట్టుకోలేరు.

#18 గళ్ళనోటు

చేసి చూశాను. వంతెన దీపాలు వరసగా వెలిగాయి! నిన్నటి దాకా అక్కడ వంతెన ఉందనే తెలియలేదు. కానీ ఆ చిన్న మెషీన్ మీద ఫోటోకి నాలుగు సెకన్లు పడుతోంది.

#19 ఎర్రచుక్క

మొత్తం జేపెగ్ విప్పుతున్నారు, అందుకే. ఓపెన్ చేశాక డ్రాఫ్ట్ అనే ఫంక్షన్‌కి మీకు కావాల్సిన సైజు చెప్పండి. జేపెగ్‌ని సగానికో, నాలుగో వంతుకో, ఎనిమిదో వంతుకో విప్పడం డీకోడర్‌కి చేతనవును. ఎనిమిదో వంతుకి విప్పి అక్కడి నుంచి మీ లెక్క చేసుకోండి. దీపస్తంభం గారి పద్ధతికి కాస్త అపచారమే గానీ అన్నం ఉడికిందో లేదో చూడటానికి కుండంతా గుమ్మరించుకోం కదా.

#20 అక్షరపిచ్చి

నేనొక్కడినే అనుకుంటా, ఈ దిమ్మల బొమ్మలు చూస్తే నాకు మనసు రాదు. అక్షరాలతో గీస్తేనే అందం. 1966లో బెల్ ల్యాబ్స్‌లో లియాన్ హార్మన్, కెన్ నోల్టన్ ఒక ఫోటోని స్కాన్ చేసి, వెలుగుని బట్టి చిన్న చిన్న గుర్తులుగా మార్చి గోడంత బొమ్మ చేశారు. దగ్గరికెళ్తే గుర్తులు, దూరం జరిగితే మనిషి. ఆ మజా ▀ లో ఏది? బొమ్మల్ని అక్షరాలుగా మార్చే ఏఏలిబ్, రంగులకి లిబ్‌కాకా ఇప్పటికీ ఉన్నాయి, వీఎల్‌సీలో సినిమా కూడా అక్షరాల్లో చూడొచ్చు.

అసలు ప్రశ్న ఇది: తెలుగు అక్షరాలతో ఎవరైనా చేశారా? నేను మొదలుపెట్టి మధ్యలో బోర్లాపడ్డాను.

#21 చుక్కలరాణి

నేనూ పడ్డాను! గుణింతాలు పెట్టారా?

#22 అక్షరపిచ్చి

పెట్టాను. క్ష్మ చిక్కగా ఉంటుంది, చీకటికి పనికొస్తుందనుకున్నా. మూడు హల్లులు, మధ్యలో రెండు పొల్లులు, మొత్తం ఐదు కోడ్‌పాయింట్లు. ఒక టెర్మినల్ దాన్ని ఒక గడి అంటుంది, ఇంకోటి మూడంటుంది. వరుస వెడల్పు ఒక్కో లైనుకి ఒక్కోలా తేలి బొమ్మ అంచు రంపంలా అయింది. వెలుతురుకి సున్నా బాగుంటుందని ం ఒక్కటే పెడితే దాని పక్కన చుక్కల వలయం ఒకటి వచ్చి కూర్చుంది, ఆసరా లేని గుర్తుకి అలా వస్తుందట.

చివరికి తెలుగు అంకెల దగ్గర ఆగాను. ౦ ౧ ౨ ౩ ౪ ౫ ౬ ౭ ౮ ౯. ఇవి దేనికీ అతుక్కోవు, ఒక్కోటీ ఒక్కో కోడ్‌పాయింటు. వీటిని ఒక్కొక్కటిగా పెద్ద సైజులో బొమ్మగా గీయించి, ఎన్ని పిక్సెళ్ళు నల్లబడ్డాయో లెక్కించి, ఆ లెక్క ప్రకారం వరస పెట్టాను. నా ఫాంట్‌లో ౧ అన్నిటికన్నా పలుచన, ౯ చిక్కన. ఫాంట్ మారిస్తే వరస మారిపోతుంది, కాబట్టి ఎవరి లెక్క వాళ్ళు తీసుకోవాల్సిందే. ఇబ్బందల్లా ఒక్కటే, చాలా టెర్మినళ్ళలో మోనోస్పేస్ ఫాంట్‌లో తెలుగు ఉండదు. వేరే ఫాంట్ నుంచి అరువు తెచ్చుకుంటుంది, అది గడి దాటి పక్కవాడి మీద ఒరుగుతుంది.

పలుచనకీ చిక్కనకీ తేడా మరీ ఎక్కువ లేదు. అందుకని వెనక కూడా ముదురు రంగు వేశాను. మనవరాలి ముఖం అంకెల్లో వచ్చింది. ప్రింట్ తీయించాలి.

#23 రాత్రిబండి

ఇంత కష్టం దేనికి బ్రో, నేరుగా పిక్సెళ్ళే చూపించే పద్ధతులున్నాయిగా. సిక్సెల్, కిట్టీ గ్రాఫిక్స్.

#24 పాతకన్సోలు

ఉన్నాయి. సిక్సెల్ పేరులోనే ఆరు పిక్సెళ్ళున్నాయి. డీఈసీ అనే కంప్యూటర్ల కంపెనీ వాళ్ళు ముందు ప్రింటర్లకి పెట్టి, తర్వాత వీటీ240, వీటీ340 టెర్మినళ్ళకి ఇచ్చారు. ఒక్కో అక్షరం నిలువుగా ఆరు చుక్కలు. ప్రశ్నార్థకం గుర్తు, అంటే 63, దాని నుంచి 126 దాకా 64 అక్షరాలు, 64 కలయికలు. మీ టెర్మినల్‌కి అది వచ్చో రాదో దాన్నే అడగొచ్చు: ఎస్కేప్ [ చిన్నబడి సీ పంపండి, జవాబులో సెమికోలన్ల మధ్య 4 కనిపిస్తే వచ్చు.

అయితే ఆయన అవసరం చూడండి. అవతల టీమక్స్ ఉంటుంది, ఒకే టెర్మినల్ని చాలా కిటికీలుగా చేసేది. దానికి సిక్సెల్ 3.4 వెర్షన్‌లోనే వచ్చింది, అదీ కంపైల్ చేసేటప్పుడు అడిగితేనే. కిట్టీ పద్ధతికి, టీమక్స్ ముట్టుకోకుండా దాటనిచ్చే పాస్‌త్రూ తెరవాలి. ఒక్క కిటికీ కదిపితే బొమ్మ ఎటుపోతుందో తెలియదు. ▀ తో గీసింది ఉత్త టెక్స్టే. టీమక్స్ దాన్ని అక్షరాల్లాగే చూసుకుంటుంది, పైకి స్క్రోల్ చేస్తే ఉంటుంది, ఫైల్లోకి మళ్ళిస్తే దాక్కుంటుంది, వచ్చే ఏడాది క్యాట్ (ఫైల్ని తెరమీద పోసే ఆదేశం) కొడితే మళ్ళీ లేస్తుంది. పేజీలుగా చూపించే లెస్‌లో చూడాలంటే పెద్ద ఆర్ ఆప్షన్ పెట్టాలి, అంతే.

#25 చుక్కలరాణి

అందమైన ఫోటో చూడటానికి సిక్సెల్, పని జరగడానికి ▀. నేను రెండూ పెట్టుకున్నాను. ఎంపీవీ అనే వీడియో ప్లేయర్లో టీసీటీ అనే వీడియో అవుట్‌పుట్ కూడా ఇదే సగం దిమ్మలతో నడుస్తుంది, ఎస్‌ఎస్‌హెచ్ మీద వీడియో చూడటం ఒకసారైనా చేయాల్సిన పిచ్చిపని.

#26 ఎర్రచుక్క

సెకనుకి 24 ఫ్రేములు, ఫ్రేముకి 78,720 బైట్లు. దాదాపు 19 లక్షల బైట్లు సెకనుకి. అదీ 80 బై 24కే! మారిన గడులే పంపి, కర్సర్‌ని అక్కడికి దూకిస్తే చాలా తగ్గుతుంది. ఫ్రేము సగంలో తెర చిరిగినట్టు కనిపిస్తే ఎస్కేప్ [?2026 హెచ్ తో మొదలుపెట్టి [?2026 ఎల్ తో ముగించండి, తెలిసిన టెర్మినల్ మధ్యలో గీయకుండా ఆగుతుంది, తెలియనిది పట్టించుకోదు. కర్సర్ దాచడానికి [?25 ఎల్. తిరిగి చూపించడం మర్చిపోతే మాత్రం ప్రాంప్ట్ దగ్గర గుడ్డిగా టైప్ చేస్తారు, నాకు అనుభవం.

#27 గళ్ళనోటు

ఇప్పుడు నా స్క్రిప్ట్ ఎక్కడికి వచ్చిందో చెప్తాను. ఒక్కో ఫోటోకి 19 కాలమ్స్, పక్కన ఒక ఖాళీ. అడ్డంగా నాలుగు పడతాయి. ఫోటో 19 బై 14 పిక్సెళ్ళు, అంటే ఏడు వరుసలు, కింద ఒక వరుసలో టైము. 24 వరుసల్లో మూడు దొంతరలు. తెరకి 12 ఫోటోలు. రోజంతా పన్నెండు తెరల్లో అయిపోతుంది. తెల్లారడం, పొద్దెక్కడం, చీకటి పడటం అన్నీ ఎడమ నుంచి కుడికి నడుస్తూ కనిపిస్తాయి. మధ్యలో ఒక గడి పూర్తిగా నల్లగా ఉంటే దొరికినట్టే.

చేతివేళ్ళు గారూ, మీరు చెప్పింది కూడా పెట్టాను. బొమ్మలొద్దంటే ఒక ఆప్షన్, ఫోటోకి ఒక లైను: "02:10 సగటు వెలుగు 4, చీకటి". "13:40 సగటు వెలుగు 131, పక్క పిక్సెళ్ళ తేడా తక్కువ, మసక కావచ్చు". ఇంకేమైనా చేర్చాలా?

#28 చేతివేళ్ళు

బాగుంది. చీకటి అనే మాట టైముకి ముందుకి తెండి. 144 లైన్లు వింటూ పోయేటప్పుడు మొదటి మాట దగ్గరే దాటేయగలగాలి.

#29 గళ్ళనోటు

మార్చాను. చిత్రమేమిటంటే ఇప్పుడు నేనూ ముందు అదే నడిపి, చీకటి అన్నవాటికే బొమ్మ వేయించి చూస్తున్నాను.

#30 సున్నాఒకటి

ఆలస్యంగా వచ్చిన చిన్న సవరణ. #5లో గడికి 41 బైట్లన్నారు. రెండు రంగుల్ని వేర్వేరు ఎస్కేప్‌లుగా పంపక్కర్లేదు. 38;2 అంకెల తర్వాత సెమికోలన్ పెట్టి 48;2 కొనసాగించి చివర ఒకే ఎమ్ పెట్టొచ్చు. 36 బైట్లు, ▀ కి 3, మొత్తం 39.

#31 ఎర్రచుక్క

ఒప్పుకున్నాను. తెరకి 3,840 బైట్లు మిగిలాయి. పిక్సెల్‌కి ఒకటి.